పన్నెండు బోరు అనగా నేమి?

60వ నంబరు నూలుకంటె 100వ నంబరు నూలు సన్ననిదని ఉప్పాడ నేతగాండ్రకు తెలియును. 840 గజముల చిలపలు ఎన్ని కలిసి ఒక పౌను తూగునో, అదియే ఆ నూలు నంబరు. చిన్న సీసపు రవ్వలను చిమ్ము తుపాకుల గొట్టములకు పెట్టిన లెక్కయు ఇట్టిదే.

ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు వ్యాసము 18.5 మిల్లీమీటర్లు వచ్చును. ఆ గుండు సరిగా పట్టు గొట్టము గలది 12 బోరు తుపాకి. అదే పౌనును 20 గుండ్లు చేసిన 15.6, 28 చేసిన 14 మిల్లీమీటర్లు. సీసపు సాంద్రతను 11.34గా తీసికొని విద్యార్థులే ఈ లెక్క కట్టి చూడవచ్చును.

అయితే ఒక భేదమున్నది. నంబరు నాలుగింతలైన నూలు మందము సగమగును. గుండు వ్యాసము సగము కావలెనన్న నంబరు ఎనిమిదింతలు కావలెను. గుండు మూడు దిక్కులా తగ్గును గదా! 12 నుండి 28కి పోయినను గొట్టపు వ్యాసము నాల్గవ వంతే తగ్గుటకు కారణమిది.

ఈ వరుసలో ఇమడనిది 410 బోరు. పేరు చూచి పౌనుకు 410 గుండ్లనుకొనరాదు. అది అంగుళములో వేయింట 410 వంతుల వ్యాసము. గుండ్ల లెక్కలో సుమారు 68 అగును.

స్కీట్ పందెమున, యంత్రములు విసరు 11 సెంటీమీటర్ల పళ్లెములను గాలిలో పగులగొట్టవలెను. అమెరికా పద్ధతిలో 12, 20, 28, 410 బోర్లకు వేరువేరు పందెములు. తూటాలో ఉండదగిన సీసము వరుసగా సుమారు 32, 25, 21, 14 గ్రాములు. రవ్వలు తగ్గినకొలది వాటి గుంపు పలుచనై, పళ్లెము సందులలో తప్పించుకొనును. అందుచే అందరినీ ఒకే వరుసలో నిలుపుట న్యాయము కాదు. చిన్న బోరువాడు పెద్దదాని పందెములో పాల్గొనవచ్చును గాని, పెద్దవాడు క్రిందికి దిగరాదు. ఒలింపిక్ పద్ధతిలో ఈ విభాగములు లేవు: 12 బోరు మించరాదు, సీసము 24 గ్రాములు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు హైదరాబాదు వాసి కైనన్ చెనాయ్ జట్టుతో స్వర్ణము గెలిచిన ట్రాప్ పందెమునకును ఇదే హద్దు.

బోరు తెలియకున్న ప్రమాదము కూడ కలదు. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు తుపాకిలో పడినచో ముందుకు జారి గొట్టములో చిక్కుకొనును. వెనుక ఖాళీగా కనబడును. అక్కడ 12 తూటా పెట్టి పేల్చిన గొట్టము పగిలిపోవును. 20 బోరు తూటాలకు సాధారణముగా పసుపు రంగు వేయుట ఇందుకే.