స్టీలు బేసినైపోయిన గద్వాల చీర

మా మేనత్త వంకాయ రంగు గద్వాల చీర పోయిన నెల స్టీలు బేసినైపోయింది. దాంతోపాటు మిరపపండు ఎరుపు నారాయణపేట, నెమలికంఠం రంగు ధర్మవరం కూడా వెళ్లిపోయాయి. పాత పట్టుచీరలకి స్టీలు సామాన్లిస్తానని ఒకతను వీధిలో కేకేస్తే తనే పిలిచి మరీ ఇచ్చిందట. అతనికేం, పాతకాలపు అసలు జరీ అయితే కరిగించి వెండి తీసుకుంటాడు. ఎందుకిచ్చావత్తా అంటే, ‘‘అరవై వచ్చాయి కదే, ఇంకా ఆ ముదురు రంగులేమిటి? వాట్సాప్‌లో కూడా పెట్టారు’’ అంది.

ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. యాభై దాటిన ఆడవాళ్లు కట్టకూడని రంగులంటూ ఓ జాబితా, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. ఎరుపు వద్దు, పసుపు వద్దు, చిలకాకుపచ్చ అసలే వద్దు. గంధం, బిస్కెట్, బూడిద, ఉల్లిపొర రంగులైతే హుందాగా ఉంటాయట. ఏ బట్టల కొట్టుకెళ్లినా ఇదే. తల నెరిసిందని చూడగానే సేల్స్ అబ్బాయి అడక్కుండానే గంధం రంగు దొంతర ముందు పడేస్తాడు.

ఆడదాని ఒంటిమీంచి రంగు తీసేసే అలవాటు మనకెక్కడిది? మొగుడు పోతే తెల్లచీర కట్టించిన ఇళ్లు గుర్తులేవా? 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించి నూట నలభై ఏళ్లు దాటింది. తెల్లచీర చాలావరకు పోయింది కానీ దాని చెల్లెలు మన బీరువాల్లో మిగిలిపోయిందని నాకనిపిస్తుంది. మొగుడు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నా సరే, వయసు పేరు చెప్పి రంగు మానేస్తున్నాం. పోనీ ఇది తెలుగునాట అందరి ఆచారమా అంటే అదీ కాదు. ఏ లంబాడీ తండాకైనా వెళ్లి, అద్దాలు కుట్టిన ఎర్ర లంగాలో ఉన్న డెబ్బై ఏళ్ల అవ్వకి ఈ జాబితా చదివి వినిపించండి. ఆమె ఏమంటుందో నేను రాయలేను.

లేత రంగులో ముఖం కళగా ఉంటుందని ఇంకో వాదన. నల్లజుట్టున్న రోజుల్లో ఉండేదేమో. అప్పుడు లేత చీరకీ ముఖానికీ మధ్య ఆ నలుపు గీత గీసినట్టుండేది. జుట్టు నెరిశాక గంధం రంగు కడితే జుట్టూ ముఖమూ చీరా అన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. అదే నెరిసిన జుట్టు కింద నేరేడు రంగో, ముదురాకుపచ్చో పెట్టి చూడండి, మనిషి లేచి కూర్చున్నట్టుంటుంది. అసలు ముఖానికి ఆనుకుని ఉండేది చీర కాదు, జాకెట్టూ పైట అంచూ. చీర రంగు నప్పలేదనిపిస్తే జాకెట్టు మార్చండి, చీరనెందుకు ఇచ్చేయడం?

ఎండకి లేత రంగే మేలు కదా అంటారు. రోహిణి కార్తెలో నడినెత్తిన ఎండపెట్టుకుని నడిస్తే మేలే. కానీ ఫ్యాను కింద కూర్చున్నప్పుడు చల్లగా ఉంచేది రంగు కాదు, నూలు. వయసు పెరిగేకొద్దీ చెమట పట్టడం తగ్గి ఒళ్లు త్వరగా చల్లబడదు. నెలసరి ఆగే రోజుల్లో ఒంట్లోంచి లేచే ఆవిర్ల సంగతి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు గంధం రంగే కదా అని పాలిస్టర్ చుట్టుకుంటే ఉడికిపోవడమే. సంప్రదాయ గద్వాలకి ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ మాత్రమే పట్టు. పెళ్లికి పెళ్లిలా ఉంటుంది, మోయక్కర్లేదు. అరవై ఏళ్ల మనిషి కోసమే నేశారా అనిపించే ఆ చీరనే మా అత్త బేసినుకిచ్చింది.

ఇలాంటి మిగతా నియమాలకి ఇంతేసి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అడ్డగీతలు లావుగా చూపిస్తాయా? అడ్డగీతలున్న చతురస్రం పొడవుగా కనబడుతుందని హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే రాశాడు. పంజాబీ డ్రెస్సు వయసులో ఉన్నవాళ్లకేనా? మోకాళ్ల ఆపరేషనయ్యాక కుచ్చిళ్లు కాలికింద పడి మెట్లమీద జారేకంటే అదే నయం.

చీర కడితే క్యాన్సర్ వస్తుందన్న మాట ఒకటి తిరుగుతోంది. కొట్టిపారేద్దామనే మొదలుపెట్టాను, పూర్తిగా కొట్టిపారేయలేకపోయాను. తప్పు చీరది కాదు, నడుం మీద బిగింపుది, ముఖ్యంగా లంగా బొందుది. ఏళ్ల తరబడి నడుం మీద ఒకేచోట బిగించిన కట్టు ఒరిసి ఒరిసి, మానని పుండై, అది క్యాన్సరుగా మారిన ఇద్దరు పెద్దవయసు స్త్రీల గురించి 2024లో మన దేశపు డాక్టర్లే ఒక వైద్య పత్రికలో రాశారు. చాలా అరుదు. అయినా నడుం చుట్టూ ఆ నల్లచార మనలో ఎందరికి లేదు? బొందు తీసేసి వెడల్పు పట్టీ కుట్టించుకోండి, రోజూ ఒకేచోట కట్టకండి. చార మీద పుండు లేచి మానకపోతే పసుపు రాసుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించండి.

ఇక మనకేది నప్పుతుందో వాట్సాప్‌ని అడిగేకంటే బీరువాని అడగడం సులువు. కట్టి కట్టి అంచు దగ్గర మెత్తబడిన చీరలు ఓ పక్క, మడత విప్పనివి ఓ పక్క పెట్టండి. మొదటి దొంతరే మీ తీరు. అది ముదురైతే ముదురు, లేతైతే లేత. ఎవరికోసమూ కాకుండా మీకే గంధం రంగు ఇష్టమైతే హాయిగా కట్టుకోండి, నాకేం తగాదా లేదు. కొత్తది కొనేటప్పుడు మాత్రం కొట్టు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూడండి. వయసుతో కంటిలోపలి కటకం పసుపుబారి, ముదురు నీలం నలుపులా కనబడుతుంది.

దర్జీకి పదేళ్ల నాటి ఆది జాకెట్టు ఇవ్వకండి. ఈ పదేళ్లలో వీపు కాస్త వంగి ఉంటుంది, భుజం పట్టేసి చేయి పైకి లేవకపోవచ్చు. కొత్తగా కొలతలు తీయించి, వీపు పొడవు కొంచెం పెంచమనండి. హుక్కులు ముందుకే పెట్టించండి.