పనసకాయ కోసిన కత్తి

రేపల్లె రైల్లో రోజూ తెనాలి వచ్చి చదువుకునే అమ్మాయి ఒక సోమవారం క్లాసు అయిపోయాక నా బల్ల దగ్గరికొచ్చి ఫోన్ చూపించింది. ఆసుపత్రిలో వాళ్ల నాయనమ్మకి ఎక్కిస్తున్న ఇంజెక్షన్ సీసా ఫొటో అది. లేబుల్ మీద 4.5 గ్రాములు అని పెద్దగా ఉంది. కింద సన్నక్షరాల్లో పైపరాసిలిన్ 4 గ్రాములు, టాజోబాక్టమ్ 0.5 గ్రాము.

"సార్, ఆ అరగ్రాము బాక్టీరియాని చంపదంట. నర్సక్క చెప్పింది. చంపనిది మందెట్టా అవుద్ది?"

పిప్‌టాజ్ అని వార్డుల్లో ముద్దుగా పిలుచుకునే ఈ సీసాలో నాకు మహా ఇష్టమైనది ఆ అరగ్రామే. ఆ రోజు మధ్యాహ్నం అన్నం మాట మరిచిపోయి బోర్డు నిండా బొమ్మలు గీశాను.

పెన్సిలిన్ కుటుంబంలో ఏ మందు తీసుకున్నా దాని గుండెకాయ ఒక చిన్న నలుచదరం. మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్. ఆ పరమాణువులు స్వేచ్ఛగా ఉంటే 110, 120 డిగ్రీల కోణాల్లో విశ్రాంతిగా ఉండేవి. ఇక్కడ వాటిని 90 డిగ్రీలకి వంచి కట్టేశారు. వంచిన వెదురుబద్దలా ఆ నలుచదరం ఎప్పుడు విచ్చుకుందామా అని చూస్తూ ఉంటుంది. బాక్టీరియా తన గోడకి అతుకులు వేసే ఎంజైము ఈ మందుని గోడలోని ముక్కే అనుకుని పట్టుకుంటుంది. పట్టుకోగానే నలుచదరం విచ్చుకుని దాని చేతికి అంటుకుపోతుంది. ఇక అతుకు పడదు, గోడ నిలవదు, బాక్టీరియా పగిలిపోతుంది.

అయితే బాక్టీరియా దగ్గర ఒక కత్తి ఉంది. బీటా-లాక్టమేజ్ అనే ఎంజైము. అదీ నలుచదరాన్ని అలాగే పట్టుకుంటుంది, విప్పుతుంది, కానీ అంటుకోనివ్వదు. వెంటనే ఒక నీటి అణువుతో కడిగేసుకుని తర్వాతి దానికి సిద్ధమవుతుంది. చురుకైన రకాలైతే సెకనుకి వందల అణువుల్ని ముక్కలు చేస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ ఈ కత్తి సంగతి 1940 డిసెంబర్లోనే ప్రకటించారు. అదే ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్‌తో మొదటి రోగికి వైద్యం మొదలైంది 1941 ఫిబ్రవరిలో. అంటే మందు వార్డులోకి రాకముందే దాని విరుగుడు కనబడింది! కెమిస్ట్రీ చరిత్రలో నన్ను ఇంతగా కుదిపిన సంగతి ఇంకోటి లేదు.

కత్తికి తెగని మందులు తయారుచేద్దామని చాలామంది కూర్చున్నారు. ఇంగ్లండ్‌లో బీచమ్ కంపెనీ పరిశోధకులు మాత్రం కత్తినే పాడుచేసేది మట్టిలో ఎక్కడైనా ఉందేమో వెతికారు. వాళ్ల పరీక్ష ఎంత ముచ్చటగా ఉంటుందో చూడండి. కత్తి ఉన్న క్లెబ్సియెల్లా బాక్టీరియాని అగార్ పళ్లెంలో పరిచారు. ఆ అగార్‌లోనే పెన్సిలిన్ కలిపారు. బాక్టీరియా దాన్ని తెగ్గోసుకుంటూ హాయిగా పెరుగుతుంది. పళ్లెంలో గుంటలు చేసి, ఒక్కో దాంట్లో ఒక్కో మట్టి సూక్ష్మజీవిని పెంచిన ద్రవం పోశారు. ఏ గుంట చుట్టూ పెరుగుదల లేని గుండ్రటి ఖాళీ కనబడితే ఆ ద్రవంలో కత్తిని ఆపేది ఉన్నట్టు. స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ పోసిన గుంట చుట్టూ ఖాళీ వచ్చింది. అందులోంచి దొరికిందే క్లావులానిక్ ఆమ్లం. అమాక్సిసిలిన్‌తో కలిసి 1981లో ఆగ్మెంటిన్ పేరుతో బజారుకొచ్చింది. ఆ తర్వాత అదే దారిలో ఫైజర్ వాళ్ల సల్బాక్టమ్, జపాన్‌లో తైహో కంపెనీ టాజోబాక్టమ్ వచ్చాయి.

ఇంతకీ టాజోబాక్టమ్ కత్తిని ఎలా ఆపుతుంది? ఇంట్లో పనసకాయ కోసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వంకాయ కోస్తే కత్తి కడుక్కుని మళ్లీ కోసుకోవచ్చు. పనసకాయ కూడా కత్తికి తెగుతుంది, కానీ ఆ జిగురు కత్తిని వదలదు. పైపరాసిలిన్ వంకాయైతే టాజోబాక్టమ్ పనసకాయ. ఇందులోనూ అదే నలుచదరం ఉంది కాబట్టి ఎంజైము మోసపోతుంది. ఎంజైములోని సెరీన్ అనే అమినో ఆమ్లం తన ఆక్సిజన్‌తో వలయాన్ని పట్టి విప్పుతుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది. నలుచదరం విచ్చుకున్న కుదుపుకి పక్కనున్న రెండో వలయం, గంధకానికి రెండు ఆక్సిజన్లు తగిలించుకున్న అయిదు మూలలది, అదీ తెరుచుకుంటుంది. అణువు ఒళ్లు విరుచుకుని కొత్త రూపంలోకి మారిపోతుంది. ఆ రూపంలో సెరీన్‌తో పడిన ముడి గట్టిపడి నీటి అణువుకి ఓ పట్టాన లొంగదు. తెంపిన వలయమే కత్తికి బంధనమైంది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ఆత్మహత్యా నిరోధకం అంటాయి. నాకు మన పనసకాయే బాగుంది.

ఈ కలయికని తీర్చిదిద్దింది న్యూయార్క్ రాష్ట్రం పర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలు. పైపరాసిలిన్ జపాన్‌లో తొయామా కంపెనీది, టాజోబాక్టమ్ తైహోది. రెండూ ఒక సీసాలో చేరి 1993లో అమెరికాలో అనుమతి పొందాయి. ఆ లెడర్లీలోనే 1940 నుంచి 1948లో కన్నుమూసేదాకా పరిశోధనలు నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన హయాంలోనే అక్కడ ఆరియోమైసిన్ పుట్టింది. ఆ అమ్మాయికి ఈ మాట చెప్పినప్పుడు నా గొంతు కొంచెం వణికింది.

ఈ వలయం కిటుకు అర్థమైతే ఇంజెక్షన్ జాగ్రత్తలు బట్టీ పట్టక్కర్లేదు. మందు పొడిగా ఎందుకుంటుంది? వంచి కట్టిన వలయం నీళ్లలో మెల్లగా విచ్చుకుపోతుంది గనక. అందుకే వాడేముందే 20 మి.లీ. స్టెరైల్ వాటరో సెలైనో పోసి, సీసాని గుండ్రంగా తిప్పుతూ కరిగించి, పెద్ద సెలైన్‌లో కలిపి అరగంటపాటు ఎక్కిస్తారు. కలిపింది మిగిలితే రేపటికని దాచుకోకూడదు.

బాపట్లలో మా పెదనాన్నగారి కాలి పుండుకి ఇదే మందు రాశారు. తోడుగా అమికాసిన్ కూడా. ఒక నర్సింగ్ హోమ్‌లో ఆ రెంటినీ ఒకే సెలైన్ సీసాలో కలిపి తగిలించారు. బాపట్లలోనే ఫార్మసీ పాఠాలు చెప్పే నా మిత్రుడు చూడ్డానికొచ్చి, సీసా మీది చీటీ చదివి, ఉన్నపళాన డ్యూటీ డాక్టరుని పిలిచి దింపించాడు. అమికాసిన్, జెంటామైసిన్ లాంటి మందుల్లో అమైన్ గుంపులున్నాయి. బాక్టీరియా కత్తి చేసే పనినే అవి సీసాలో చేస్తాయి, నలుచదరాన్ని పట్టి విప్పేస్తాయి. అమికాసిన్ కూడా ఆ గొడవలో చస్తుంది. రెండు మందులూ ఒంట్లోకి వెళ్లాలి గానీ వేరే సీసాల్లో, వేరే సమయాల్లో. పిప్‌టాజ్‌ని రింగర్ లాక్టేట్ ద్రవంలో కలపొచ్చా అన్నది తయారీని బట్టి మారుతుంది, పెట్టెలోని కాగితం చూడాల్సిందే. మన ఊళ్లలో ఎక్కువగా కనబడే సెఫ్ట్రియాక్సోన్–సల్బాక్టమ్‌ని మాత్రం రింగర్ లాక్టేట్‌లో కలపనే కూడదు, అందులోని కాల్షియంతో చేరి అవక్షేపం కడుతుంది.

ఇక వేళ. ఈ మందు పనిచేసేది ఒక్కసారి ఎంత పోశామన్నదాని మీద కాదు, రక్తంలో తగినంత మోతాదు ఎన్ని గంటలు నిలిచిందన్నదాని మీద. అందుకే ఆరు గంటలకో ఎనిమిది గంటలకో తప్పకుండా పడాలి. రాత్రి రెండింటి డోసు నిద్రలో జారిపోతే ఆ సందులో కొత్త కత్తులు తయారవుతాయి, అరగ్రాము చాలదు. కిడ్నీలు మందగించినవాళ్లకి డాక్టరు మోతాదు తగ్గిస్తారు. 4.5 గ్రాముల సీసాలో పావు గ్రాము దాకా సోడియం ఉంటుంది, గుండె జబ్బుంటే అదీ చెప్పాలి. పెన్సిలిన్ పడి ఎప్పుడైనా దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే మొదటి మాటగా అదే చెప్పాలి. కల్చర్‌కి రక్తమో చీమో మొదటి డోసుకి ముందే తీయాలి. జలుబు జ్వరానికి గట్టి సూది వెయ్యమని ఆర్.ఎం.పి.ని బతిమాలేవాళ్లని చూస్తే నాకు దుఃఖమొస్తుంది. వైరస్‌కి ఆ గోడే లేదు. ఒంట్లో ఉన్న మామూలు బాక్టీరియాకి మాత్రం కత్తి నూరుకోవడం నేర్పిన వాళ్లమవుతాం.

అది నేర్చుకుంది కూడా. 2018లో వెలువడిన మెరినో పరీక్షలో, సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని బాక్టీరియా రక్తంలో చేరినవాళ్లని రెండు జట్లుగా చేసి, ఒకదానికి మెరోపెనెమ్ అనే మందు, రెండోదానికి పిప్‌టాజ్ ఇచ్చారు. ముప్ఫై రోజుల్లో మెరోపెనెమ్ జట్టులో నూటికి 3.7 మంది చనిపోతే పిప్‌టాజ్ జట్టులో 12.3 మంది పోయారు. కల్చర్ రిపోర్టు ఊరికే ఫైల్లో పెట్టుకునేది కాదు. అలాంటి కత్తుల్ని ఆపేందుకు చెన్నైలో ఆర్కిడ్ కంపెనీ టాజోబాక్టమ్‌కి ఒక్క మిథైల్ గుంపు చేర్చి ఎన్‌మెటాజోబాక్టమ్ చేసింది, 2024లో అమెరికా అనుమతి కూడా వచ్చింది.

"అయితే ఇక ఏ కత్తైనా ఆగిపోద్దా సార్?"

ఆగదు. ఎన్.డి.ఎం. అనే కత్తికి కోసే చోట సెరీనే లేదు. జింకు అయాన్లతో నీటి అణువుని పదును పెట్టి నేరుగా కోస్తుంది. అంటుకోవడానికి చోటు లేదు. పనస కోసేముందు మా అమ్మ కత్తికి నూనె రాసేది, అలాంటిదన్నమాట.

మర్నాడు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. నాయనమ్మ కల్చర్‌లో పిప్‌టాజ్‌ ఎదురుగా 'ఎస్' అని ఉందట, పని చేస్తుందని. జ్వరం దిగిందట. ఇంకో ఫొటో చూపించింది: అజ్‌ట్రియోనామ్. నూనె కత్తికి తెగని కాయ ఇదొకటుందని రాత్రి చదివిందట. మిగతా కత్తులు దీన్ని కోయకుండా అవిబాక్టమ్‌ని తోడిస్తారట. సుద్దముక్క అడిగి తీసుకుని బోర్డు మీద గీసింది. నలుచదరం ఉంది, దాన్ని అంటుకుని ఉండాల్సిన రెండో వలయం లేదు.

"ఒంటరి వలయం కదా సార్, ఇంకా తేలిగ్గా తెగాలి. తెగదేం?"

రేపల్లె బండికి ఇంకా నలభై నిమిషాలుంది. కూర్చోమన్నాను.