పేదవాడి ఇల్లు – ఆ వరుసలో న్యాయమెంత?

వానాకాలం వచ్చిందంటే పూరిపాకలో కాపురమున్న ఇల్లాలికి నిద్ర కరువు. నీరు కారే ప్రతిచోటా ఒక గిన్నె పెడుతుంది. పడుకున్న పిల్లల్ని ఒక మూల నుండి మరో మూలకు జరుపుతుంది. తెల్లవారగానే తడిసిన బొంతలు ఆరవేసి కూలికి వెళుతుంది. అలాంటి ఇల్లాలు ఒకనాడు పని మానుకొని గ్రామసభకు వచ్చి కూర్చుంటుంది. పంచాయతీ కార్యదర్శి జాబితా తీసి ఒక్కొక్క పేరే చదువుతాడు. చివరి పేరు కూడా అయిపోతుంది. ఆమె పేరు వినిపించదు. డాబా ఉన్న ఇంటివారి పేరు మాత్రం వినిపిస్తుంది. “నా పేరెందుకు లేదయ్యా?” అని అడిగితే, “పైనుంచి రాలేదమ్మా” అనే మాటే ఆమెకు దక్కే సమాధానం.

ఆ ‘పైన’ ఏం జరుగుతుంది? పేర్లు ఎక్కడ పుడతాయి? ఎవరు వాటిని వరుసలో నిలబెడతారు? ఎక్కడ జారిపోతాయి? ఇళ్ల పథకాల గురించి మనం వినేదంతా ఎన్ని లక్షల ఇళ్లు, ఎన్ని కోట్ల నిధులు అన్న లెక్కలే. కానీ పేద కుటుంబం తలరాతను నిర్ణయించేది ఆ లెక్క కాదు, వరుస. ఇళ్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ అయినచోట ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నదే అసలు న్యాయం.

జాబితా ఎలా తయారవుతుంది?

గ్రామీణ పేదల కోసం కేంద్ర ప్రభుత్వం 1985లో ఇందిరా ఆవాస్ యోజనను ప్రారంభించింది. 2016 ఏప్రిల్ 1 నుండి దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన – గ్రామీణ్ అమలులోకి వచ్చింది. దీని కింద మైదాన ప్రాంతాల్లో ఒక ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాల్లో 1,30,000 రూపాయలు సాయంగా నిర్ణయించారు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. సాయం విడతలవారీగా లబ్ధిదారు ఖాతాలోనే జమ అవుతుంది.

ఈ పథకంలో ఎంపిక దరఖాస్తుతో మొదలు కాలేదు. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణనతో మొదలైంది. ఇల్లే లేనివారు, పచ్చిగోడలూ పచ్చికప్పూ ఉన్న ఇళ్లలో సున్నా, ఒకటి, రెండు గదులతో బతికేవారు ఆ లెక్క నుండి వేరు చేయబడ్డారు. ఆ కుటుంబాలను షెడ్యూల్డు కులాలు, తెగలు, మైనారిటీలు, ఇతరులు అనే వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గంలో వరుస కట్టారు.

ఆ వరుసకు ఒక క్రమముంది. మొట్టమొదట ఇల్లు లేనివారు. తర్వాత వరుసగా సున్నా గది, ఒక గది, రెండు గదుల పచ్చి ఇళ్లవారు. నీడలేని కుటుంబాలు, భిక్షాటనతో బతికేవారు, చేతులతో మలం ఎత్తే వృత్తిలో ఉన్నవారు, ఆదిమ గిరిజన సమూహాలు, వెట్టిచాకిరి నుండి చట్టప్రకారం విడుదలైనవారు తమ తమ శ్రేణుల్లో పైన నిలుస్తారు. మిగిలినవారి స్థానం లేమిని బట్టి. కుటుంబంలో 16–59 ఏళ్ల మధ్య పెద్దవారు లేకపోవడం, ఆ వయసు మగదిక్కు లేక స్త్రీయే కుటుంబాన్ని నడపడం, 25 ఏళ్లు దాటినవారిలో చదువుకున్నవారు లేకపోవడం, వికలాంగులు ఉండి పనిచేయగల పెద్దవారు లేకపోవడం, భూమిలేక కూలిపనే ప్రధాన ఆధారం కావడం – ఈ ఐదింటిలో ఎన్ని ఉంటే అంత ముందు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే వర్గానికి చెందిన రెండు కుటుంబాలున్నాయి. ఒకరిది ఒక గది పాక, మరొకరిది రెండు గదుల మట్టి ఇల్లు. రెండో కుటుంబానికి లేమి గుర్తులు మూడున్నా, మొదటి కుటుంబానికి ఒక్కటే ఉన్నా, మొదటి కుటుంబమే ముందుంటుంది. ఎందుకంటే గదుల లెక్కే మొదటి మెట్టు. అంటే గణన చేసేవాడు ఒకటికి బదులు రెండు అని రాసుకున్న ఆ ఒక్క అంకె, ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి వెనక్కు నెట్టగలదు.

జాతీయ స్థాయిలో ఈ పథకంలో 60 శాతం షెడ్యూల్డు కులాలు, తెగలకు, 15 శాతం నిధులు మైనారిటీలకు కేటాయించారు. రాష్ట్రానికి వచ్చే మైనారిటీ వాటా అక్కడి గ్రామీణ మైనారిటీ జనాభాను బట్టి ఉంటుంది. కనుక పల్లెలోని ఒక ముస్లిం కుటుంబం తన పేరు జాబితాలో ఉందా అని మాత్రమే కాక, ఏ వర్గంలో నమోదైంది, ఆ వర్గానికి తన పంచాయతీలో ఈ ఏడు ఎన్ని ఇళ్లు వచ్చాయి అని కూడా తెలుసుకోవాలి.

బండి ఉంటే ఇల్లు ఉండదా?

చేర్చే నియమాలున్నట్లే తొలగించే నియమాలూ ఉన్నాయి. మొదట ఇవి పదమూడు. ఇంట్లో మోటారు బండి, ఫ్రిజ్, ల్యాండ్‌లైన్ ఫోన్, 50,000 రూపాయలు లేక అంతకుమించిన పరిమితి గల కిసాన్ క్రెడిట్ కార్డు, ప్రభుత్వోద్యోగం, నెలకు 10,000 రూపాయలకు మించి సంపాదించే సభ్యుడు – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కుటుంబం జాబితా నుండి తొలగిపోయేది.

కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ పల్లె బతుకు వేరు. పొరుగూరికి మేస్త్రీ పనికి పోయే యువకుడు అప్పు చేసి పాత మోపెడ్ కొంటాడు. అది అతనికి కూలి దొరికే దారి. నియమం దృష్టిలో మాత్రం అది సంపద. అతని తల్లి పడుకునే పాక ఆ బండి నీడలో మరుగున పడిపోయింది. ఇలాంటి అనుభవాల తర్వాత 2024లో నియమాలు సడలించి పదికి కుదించారు. ద్విచక్ర వాహనం, చేపల వేట మరపడవ, ఫ్రిజ్, ల్యాండ్‌లైన్ ఇప్పుడు అడ్డంకులు కావు. ఆదాయ పరిమితి నెలకు 15,000 రూపాయలకు పెరిగింది. అదే ఏడాది కేంద్ర మంత్రివర్గం 2024–29 మధ్య మరో 2 కోట్ల ఇళ్లకు ఆమోదం తెలిపింది. బండి కారణంగా ఒకప్పుడు తిరస్కరించబడినవారు “మాకిక రాదు” అని ఇంట కూర్చోకుండా కొత్త సర్వేలో తమ పేరుందో లేదో చూసుకోవాలి.

పాత లెక్కకు మరో లోపముంది. 2011లో పెళ్లికాని కొడుకు నేడు ముగ్గురు పిల్లల తండ్రి. నాడు నిలబడిన గోడ నేడు కూలిపోయింది. ఇలా మిగిలిపోయినవారి కోసమే 2018–19లో ‘ఆవాస్ ప్లస్’ సర్వే జరిగింది. బతుకు నడుస్తూనే ఉంటుంది, జాబితా నిలిచిపోతుంది. ఈ రెంటి మధ్య దూరంలోనే ఎందరో పేదలు తప్పిపోతారు.

చీటీయా? కమిటీయా?

తెలంగాణలో వేరే పద్ధతులు నడిచాయి. 2015లో మొదలైన రెండు పడక గదుల ఇళ్ల పథకంలో ప్రభుత్వమే 560 చదరపు అడుగుల ఇల్లు కట్టి ఉచితంగా ఇచ్చింది. అర్హులు ఎక్కువ, ఇళ్లు తక్కువ అయినచోట చీటీలు తీశారు. చీటీకి బంధువులు లేరు, పార్టీ లేదు. అది దాని గొప్పతనం. కానీ చీటీకి కళ్లూ లేవు. పసిబిడ్డతో చెట్టుకింద ఉన్న వితంతువునూ, అద్దె ఇంట్లో ఓ మోస్తరుగా గడుపుకొచ్చే కుటుంబాన్నీ అది ఒకేలా చూస్తుంది.

2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం మరో మార్గం పట్టింది. సొంత స్థలం ఉన్నవారికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయలు, పని ముందుకు సాగేకొద్దీ విడతలవారీగా ఇస్తారు. ఇల్లు మహిళ పేరు మీద మంజూరవుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్నా పెళ్లయినవారిని వేరు కుటుంబంగా పరిగణిస్తారు. వితంతువులు, ఒంటరి మహిళలు కూడా అర్హులే. ఎంపికలో గ్రామస్థాయి ఇందిరమ్మ కమిటీలకు పాత్ర ఇచ్చారు. 2025 జనవరిలో గ్రామసభల్లో పేర్లు చదివినప్పుడు అనేక చోట్ల జనం లేచి నిలదీశారు. కమిటీకి కళ్లున్నాయి, ఊరి కష్టం తెలుసు. కానీ ఆ కళ్లకు ఊరి ముఖాలూ తెలుసు. ఎవరు మనవారు, ఎవరు కారు అన్నదీ తెలుసు.

అంకెల జాబితా, చీటీ, కమిటీ – మూడింటిలోనూ మేలుంది, మూడింటిలోనూ లోపముంది. ఏ పద్ధతికైనా ప్రాణం పోసేది ఒక్కటే: అందరి ఎదుట చదవడం, తొలగించిన ప్రతి పేరుకూ కారణం చెప్పడం.

స్థలం లేనివారి సంగతి

ఇల్లు కట్టుకోవడానికి సాయం మంజూరైనా, కట్టడానికి జాగా లేకపోతే ఆ మంజూరు కాగితంగానే మిగులుతుంది. అందరికంటే పేదవారు సాధారణంగా స్థలం కూడా లేనివారే. తెలంగాణలో దరఖాస్తుదారులను విడదీసినప్పుడు సొంత స్థలం ఉన్నవారు మొదటి జాబితాలో, స్థలమూ ఇల్లూ లేనివారు రెండో జాబితాలో చేరారు. అవసరంలో ముందున్నవారు వరుసలో వెనుకబడ్డారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న పెద్దయెత్తున ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. గ్రామాల్లో ఒక్కొక్కరికి సెంటున్నర స్థలం నిర్ణయించారు. ఊరికి దూరంగా ఇచ్చిన చోట దారి, నీరు, కూలిపనికి దగ్గరితనం వంటి ప్రశ్నలు తలెత్తాయి. ఇల్లంటే నాలుగు గోడలే కాదు, బతుకుతెరువుకు అందే దూరం కూడా.

మన బాధ్యత

వరుసలో న్యాయం అధికారుల చేతిలోనే లేదు. కొంత మన చేతిలోనూ ఉంది.

గ్రామసభ జరిగే రోజు కూలి పోయినా సరే, ఇంటి నుండి ఒకరు తప్పక వెళ్లాలి. ముఖ్యంగా స్త్రీలు వెళ్లాలి. ఇల్లు తమ పేరున వచ్చేటప్పుడు ప్రశ్న కూడా తామే అడగాలి. పేరు లేకపోతే కారణం నోటిమాటగా కాక రాతపూర్వకంగా కోరాలి. కేంద్ర పథకంలో గ్రామసభ నిర్ణయంపై జిల్లాస్థాయి అప్పీలు కమిటీకి వెళ్లే హక్కుంది. ఇచ్చిన ప్రతి అర్జీకి రశీదు తీసుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి. మంజూరు ఉత్తర్వు చేతికి రాకముందే ఉన్న పాకను కూల్చుకోకూడదు. “నీ పేరు నేను చేర్పిస్తాను” అంటూ డబ్బడిగేవారిని నమ్మకూడదు.

ఇక రెండో వైపు మాట. డాబా ఉన్నవారు కొడుకు పేరుతో వేరు కాపురం చూపించి, పొలం దాచి, ఎవరిదో పాక ముందు నిలబడి ఫోటో దిగి జాబితాలో చేరితే ప్రభుత్వాన్ని మోసగించినట్లేనని అనుకుంటాం. కాదు. ఇళ్ల సంఖ్య ముందే నిర్ణయమై ఉంటుంది. ఒక అనర్హుడు లోపలికి వస్తే ఒక అర్హుడు బయటికి పోతాడు. ఆ బయటికి పోయేది మన వీధిలోనే ఉండే, మనం రోజూ పలకరించే మనిషి. ఆ సంగతి తెలిసి కూడా సభలో మౌనంగా కూర్చున్నవారికి ఆ అన్యాయంలో భాగం లేదనగలమా? జాబితా దాన్ని రాసేవారి చేతిలో ఒక అమానతు, వినేవారి మీద ఒక సాక్ష్యం.

గ్రామసభలో పేరు వినిపించని ఆ ఇల్లాలు మళ్లీ లేచి అడగవచ్చు, అడగకపోవచ్చు. చదువు రాక, బెరుకుతో తల వంచుకొని వెళ్లిపోనూవచ్చు. అప్పుడు పక్కన కూర్చున్న ఎవరో ఒకరు లేచి, “అయ్యా, ఈమె ఇల్లు మాకు తెలుసు. పేరెందుకు లేదో చెప్పండి” అనాలి. ఆ ప్రశ్నకు అర్జీ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. వచ్చే వానాకాలానికి ఆమె పిల్లలు పొడినేల మీద పడుకోవడానికి అది మొదటి అడుగు కావచ్చు.