గ్లాసులో డిస్కో!

మిథున్ చక్రవర్తి నడుం తిప్పితే మన కుర్రకారే కాదు, రష్యా కుర్రకారూ దాసోహమన్నారండీ! 'డిస్కో డాన్సర్' మన దేశంలో 1982లో వచ్చింది. 1984లో సోవియట్ యూనియన్‌లో విడుదలైతే 6 కోట్ల పైచిలుకు టిక్కెట్లు తెగాయి. వోడ్కాకి పేరుమోసిన దేశం మన జిమ్మీకి మనసిచ్చేసిందన్నమాట!

ఆ జిమ్మీ పాటని గ్లాసులో పోస్తే ఎలా ఉంటుందా అని నాకో సరదా పుట్టింది. ముందే చెప్తున్నా... మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అలాంటివారు వోడ్కా మాట వదిలేయండి. మీకూ ఓ గ్లాసుంది!

పాట సందర్భం గుర్తుందా? కరెంటు పారే గిటారు తగిలి తల్లి పోయింది. అప్పట్నించీ గిటారంటేనే జిమ్మీకి వణుకు. స్టేజీ మీద బిగుసుకుపోయినవాణ్ణి రీటా (కిమ్) పాటతో పిలుస్తుంది. గొంతు పార్వతీ ఖాన్‌ది. పైకి హుషారు, లోపల బతిమాలుడు! అందుకే నా గ్లాసులో పులుపు ముందు తగలాలి, తీపి తర్వాత రావాలి.

ఇదిగో లెక్క: వోడ్కా 45 మి.లీ., నిమ్మరసం 20, బత్తాయిరసం 30, చక్కెరపాకం 15 (చక్కెర, నీళ్లు సమానం), చిటికెడు ఉప్పు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఐసుముక్కలతో పాటు పోసి, పావు నిమిషం గట్టిగా గిలకొట్టాలి. వడకట్టి, పొడుగుగ్లాసులో కొత్త ఐసు మీద పోసి, పైన 60 మి.లీ. సోడా. సోడాని మాత్రం డబ్బాలో పోసి గిలకొట్టేరు, మూత ఎగిరిపోతుంది! నిమ్మతొక్క ముక్కని గ్లాసుమీద నలిపితే అందులోని నూనె చిమ్మి, వాసన ముందుగా ముక్కుని పలకరిస్తుంది.

బత్తాయి నల్గొండదైనా, నిమ్మ గూడూరుదైనా సరే, రసం అప్పటికప్పుడు పిండాలి. నిలవుంటే బత్తాయిరసం చేదెక్కుతుంది. ఉప్పు వేసేది కూడా ఆ చేదుని అణచడానికే.

అన్నట్టు, అసలు బాణీ మనది కాదు! ఫ్రెంచి బృందం 'ఒటావాన్' 1980లో చేసిన పాటది. "బప్పీ లాహిరి ఎత్తేశాడు" అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనలా అనలేను. అక్కడి సరదా పాట ఇక్కడ ఓ భయస్థుణ్ణి నిలబెట్టే పాటయింది. 2007లో లండన్ గాయని ఎం.ఐ.ఏ. మళ్లీ పాడుకుందంటే అది బప్పీ పాటని చూసే! కాకపోతే అరువుని అరువని చెప్పాలి. నా గ్లాసూ అరువే మరి! 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన 'లెమన్ డ్రాప్'లో వోడ్కా, నిమ్మ, చక్కెరతో పాటు నారింజ మద్యం పడుతుంది. అది తీసేసి నేను బత్తాయి పెట్టాను. ఎవరికిచ్చినా ఈ మాట చెప్పే ఇస్తాను.

ఇక తాగనివాళ్లకి, బండి నడపాల్సినవాళ్లకి... వోడ్కా బదులు ఒక చెంచా అల్లంరసం, ఇంకాస్త సోడా. గ్లాసు అదే, ఐసు అదే, తొక్క అదే. పార్టీలో ఒకడి చేతిలో మంచినీళ్లు పెట్టి మూల కూర్చోబెడితే ఆ పాటకి అర్థమేముంది చెప్పండి? జిమ్మీని రమ్మని పిలిచాక అందరితో పాటు స్టేజీ ఎక్కించాల్సిందే!