ఈల పట్టినవాడికి చుట్టరికం లేదు

కురవి: ఆట రసపట్టులో ఉంటుంది. రెండు ఊళ్ళ జట్లూ సరిసమానంగా ఉంటాయి. కూతకు వెళ్ళినవాణ్ణి నలుగురు పట్టుకుంటారు. వాడు గింజుకుంటూ చేయి చాచి మధ్య గీత మీద పడతాడు. చేయి గీతకు తగిలిందని ఒక ఊరు, తగలలేదని మరో ఊరు. ఈల పట్టిన కుర్రవాడు ఒక్క క్షణం తటపటాయిస్తాడు. అంతే, చుట్టూ వందమంది చేరతారు. ఇక ఆ పూటకు ఆట ముగిసినట్టే. ఒక్కోసారి ఆ రెండు ఊళ్ళ మధ్య మాటలు కూడా ముగుస్తాయి.

కురవి వంటి పల్లె ప్రాంతాల్లో కబడ్డీ ఆడే యువకులకు కొదవ లేదు. కొదవంతా నిలబడి తీర్పు చెప్పేవారికే. వ్యాయామ ఉపాధ్యాయుడు దొరకని చోట, నాలుగు పోటీలు ఆడిన యువకుడి చేతికే ఈల ఇస్తారు. ఆడటం వేరు, ఆడించడం వేరు. రెండోదాన్ని కూడా నేర్చుకోవలసిందే.

గీతలతోనే మొదలు

రెఫరీ పని ఈల ఊదడంతో మొదలు కాదు, టేపు పట్టడంతో మొదలవుతుంది. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉండాలి. మహిళలకు 12 మీటర్లు, 8 మీటర్లు. పురుషుల కోర్టులో మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి మీటరు అవతల బోనస్ లైన్ ఉంటాయి. అడుగులతో కొలిచి సున్నం పోస్తే రెండు వైపులా తేడా వస్తుంది. అక్కడే తగాదాకు విత్తనం పడుతుంది.

ఆటకు ముందు ఆటగాళ్ళ గోళ్ళు చూడాలి. ఒంటికి నూనె రాసుకుంటే పట్టు జారుతుంది కనుక అది నిషేధం. ఉంగరాలు తీయించాలి. మొహమాటపడి వదిలేస్తే తర్వాత నెత్తురు చూడవలసి వస్తుంది.

కన్ను ఎక్కడ, కాలు ఎక్కడ?

కబడ్డీకి ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు ఉండాలని నిబంధన. మైదానంలో తీర్పు సాధారణంగా అంపైర్లదే. వారిద్దరికీ పొసగనప్పుడు రెఫరీ తేలుస్తాడు. పల్లెల్లో ఈ ఆరుగురి పనీ తరచు ఒక్కరిమీదే పడుతుంది. కనీసం ముగ్గురినైనా ఏర్పాటు చేసుకోవడం నిర్వాహకుల బాధ్యత.

బాస్కెట్‌బాల్‌లో రెఫరీలు మైదానాన్ని పంచుకుంటారు. ఒకరు బంతిని కనిపెడితే, మరొకరు బంతికి దూరంగా జరిగే తోపులాటను కనిపెడతారు. అందరూ బంతినే చూస్తే తప్పులు దాటిపోతాయి. కబడ్డీలోనూ అంతే. ఒక అంపైరు కూతగాడి చేయి చూస్తే, రెండోవాడు కాళ్ళు చూడాలి. కూతగాడు కదిలినకొద్దీ అంపైరూ పక్క గీత వెంట కదలాలి. నిలబడ్డచోటే నిలబడితే కనిపించేది ఆటగాళ్ళ వీపులే.

కంటితోపాటు చెవి కూడా పని చేయాలి. కూత మధ్య గీత దాటకముందే మొదలు కావాలి, తెగకుండా వినిపించాలి, 30 సెకన్లలో ముగియాలి. కూత ఆపడానికి నోరు మూసినా, గొంతు నొక్కినా, కాళ్ళతో కత్తెర వేసినా తప్పు కిందే లెక్క. దురుసుతనానికి ఆకుపచ్చ కార్డు హెచ్చరిక. పసుపు కార్డు చూపితే రెండు నిమిషాలు బయట. ఎర్ర కార్డు చూపితే ఆటనుంచే బయట.

ఎక్కువ తగువులు వచ్చేది లాబీ దగ్గర. పెనుగులాట మొదలైతే లాబీ కూడా మైదానంలో భాగమవుతుంది. ఎవరినీ తాకకుండా అందులో అడుగుపెడితే అవుటు. కాబట్టి ముందు ఎవరు ఎవరిని తాకారో చూసినవాడే సరైన తీర్పు చెప్పగలడు.

పెద్ద పోటీల్లోనూ చిక్కే

తడబాటు పల్లె కుర్రవాళ్ళకే పరిమితం కాదు. 2023 అక్టోబర్ 7న చైనాలోని హాంగ్జౌలో ఆసియా క్రీడల పురుషుల ఫైనల్. భారత్, ఇరాన్ 28-28తో సమానంగా ఉన్నాయి. మిగిలింది నిమిషం పైచిలుకు. భారత కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి, ఎవరినీ తాకకుండా లాబీలో అడుగుపెట్టాడు. ఇరాన్ ఆటగాళ్ళు వెంటపడ్డారు. పాత నిబంధన ప్రకారం ఒక తీర్పు, సవరించిన నిబంధన ప్రకారం మరో తీర్పు. అధికారులు మాట మార్చారు, మళ్ళీ మార్చారు. ఆట దాదాపు గంటసేపు ఆగిపోయింది. చివరకు భారత్ 33-29తో గెలిచింది. ఆనాటి ఆట గుర్తున్నవారికి గెలుపుతోపాటు ఆ గందరగోళమూ గుర్తుంది.

ఇందులో మన ఊళ్ళకు ఒక పాఠం ఉంది. ఏ నిబంధనలతో ఆడబోతున్నారో తొలి కూతకు ముందే ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి చెప్పాలి. బోనస్ ఉందా, మూడో కూత చావో రేవో అవుతుందా అన్నది నలుగురి ముందు తేల్చుకోవాలి. అవుటైనవారు ఏ వరుసలో వెళితే ఆ వరుసలోనే తిరిగి రావాలి కనుక, ఆ వరుస కాగితం మీద రాస్తూ ఉండాలి.

అసలు పరీక్ష

ఇవన్నీ నేర్చుకోవచ్చు. కష్టమైనది మరొకటి ఉంది. పల్లెలో ఈల పట్టినవాడికి ఒక జట్టులో అన్న, మరో జట్టులో బావ ఉంటారు. గీత పక్కన నిలబడి “గిదేందిరా, మనోనికే అవుటిస్తవా?” అనే చిన్నాయనా ఉంటాడు. అప్పుడు మాట జారకూడదు, మొహం చాటేయకూడదు. ఈల గట్టిగా ఊది, చేయి స్పష్టంగా చూపి, “అవుటే కాకా” అని ఒక్కసారి చెప్పి ఊరుకోవాలి. వాదనకు దిగితే తీర్పు బేరమవుతుంది. పొరపాటు జరిగిందని తోటి అంపైరు చెబితే వెంటనే దిద్దుకోవాలి. అయితే పొరపాటుకు బదులుగా తర్వాత ఆ జట్టుకు ఒక పాయింటు ‘ఇవ్వడం’ రెండో పొరపాటు. ఈ సంగతి ఇద్దరు కెప్టెన్లకూ తెలిసినప్పుడే కుర్రవాడి మాటకు విలువ వస్తుంది.

నేర్చుకోదలచినవారు ముందు బడిపిల్లల ఆటలకు ఈల పట్టాలి. ఆట ముగిశాక ఏ తీర్పు దగ్గర తడబడ్డారో నోటు పుస్తకంలో రాసుకోవాలి. అనుభవమున్న వ్యాయామ ఉపాధ్యాయుని పక్కన నిలబడి రెండు పోటీలు చూస్తే, పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది. ఆడపిల్లల పోటీలు జరిగేచోట యువతులూ ముందుకు రావాలి.

గెలిచిన జట్టుకు కప్పు కొనే యువజన సంఘాలు పోటీకి ముందు రోజు ఒక పూట రెఫరీల శిక్షణకు కేటాయిస్తే ఖర్చు పెద్దగా కాదు. కప్పు ఒక ఊరికే వెళుతుంది. మంచి తీర్పు జరిగితే రెండు ఊళ్ళూ మళ్ళీ ఏడాది కలిసి ఆడతాయి.