ఊపిరిని తూచు యంత్రము

ఇంటర్మీడియట్ తరగతికి బెర్నౌలీ సూత్రమును బోధించుచు, గొట్టము ఇరుకైన చోట గాలి వడి హెచ్చి పీడనము తగ్గుననియు, ఆ తగ్గుదలయే కార్బరేటరులో పెట్రోలును పైకి లాగి గాలితో కలుపుననియు నేను చెప్పి ముగించినంతలో, ఒక విద్యార్థిని లేచి, "వేగం రెట్టింపైతే పీడనం తగ్గేది నాలుగింతలన్నారు కదా సార్! మరి బండి నెమ్మదిగా పోయినా, జోరుగా పోయినా పెట్రోలు పాళ్లు మారకుండా ఎలా ఉంటాయి?" అని అడిగినది. ఇంత చక్కని ప్రశ్న పాఠ్యపుస్తకములోనే అచ్చుపడి యుండవలసినది.

దానికి సగము సమాధానమును గణితమే ఇచ్చును. సన్నని రంధ్రమునుండి ద్రవము వెలువడు వేగము పీడనభేదమునకు వర్గమూలముగా పెరుగును గావున, పీడనపు తగ్గుదల నాలుగింతలైనను పెట్రోలు రెట్టింపే వచ్చును. గాలియు రెట్టింపే గావున నిష్పత్తి చెడదు. చిక్కంతయు మిగిలిన సగములో నున్నది. బండి నిలిచియున్నప్పుడు పెట్రోలు పొర్లిపోకుండుటకై దాని మట్టమును జెట్టు, అనగా పెట్రోలు వెలువడు ఆ సన్నని రంధ్రము, నోటికి కొంచెము దిగువన నిలుపుదురు; మందగమనమున గాలి లాగుడు మిక్కిలి బలహీనమగుటచే ఆ కొంచెపు ఎత్తు ఎక్కుటకే పెట్రోలు శ్రమపడును. మహావేగమున గాలి పలుచబడును గాని పెట్రోలు పలుచబడదు. అప్పుడు పెట్రోలు పాలు మితిమీరును. ఇంజను పీల్చు గాలి 15 రెట్లు పెరిగినచో గొట్టపు ఇరుకుభాగమగు గొంతులోని లాగుడు 225 రెట్లు పెరుగవలెను. ఇంతటి అంతరమును ఒకే గొంతు, ఒకే రంధ్రము ఓర్చుకొనుట దుర్లభము. కాగా లీటరు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 9,000 లీటర్ల గాలి, అనగా భారము లెక్కన ఒక పాలు పెట్రోలునకు దాదాపు 15 పాళ్ల గాలి, కావలెను. ఈ నిష్పత్తి మిక్కిలి తప్పినచో ఇంజను వణకును, మిస్సింగు కొట్టును, ప్లగ్గులు మసిబారును.

ఈ చిక్కును విప్పుటకు కార్బరేటరు నిర్మాతలలో రెండు మతములు బయలుదేరినవి. ఫ్రాన్సు దేశమున పుట్టిన సోలెక్సు, జెనిత్ వంటివి మొదటి మతమునకు చెందినవి. గొంతు పరిమాణమును మార్పకయే, మందగమనమునకు ఒక జెట్టు, సాధారణ వేగమునకు ఇంకొకటి, పెట్రోలు మితిమీరకుండ గాలిని కలుపుటకు వేరొక రంధ్రము, ఉన్నట్టుండి యాక్సిలరేటరు తొక్కినచో పెట్రోలు చిమ్ముటకు ఒక చిన్న పంపు, ఈ విధముగా లోపమునకొక మందు చొప్పున అవి అమర్చుకొన్నవి. ఆ పద్ధతి లోకమంతట నెగ్గినదనుటకు సందేహము లేదు. కాని నా హృదయము మాత్రము, లోపములకు మందు వెదకుట మాని, లోపమునకు మూలమైన ఆ మారని గొంతునే తొలగించిన రెండవ మతమువైపే మొగ్గును.

ఆ రెండవ మతమును నేను మా పెదనాన్నగారి అంబాసిడరు బానెట్టు క్రింద దర్శించితిని. 1960ల నాటి ఆ బండి చిరకాలము మా ఇంట నుండి, కొంతకాలము పాకలో ధూళి కప్పుకొని పడియుండి, పిదప మా పెదనాన్నగారి కుమారుని పట్టుదలచే పునరుద్ధరణ భాగ్యమును పొందినది. తుప్పు గీకుట, రేకు అతుకుట, రంగు వేయుట, సీట్లు కుట్టుట మొదలైనవి ఎంత శ్రమతో కూడినవైనను అందరెరిగినవే గావున వానిని విడిచి, ఇంజను ప్రక్కన ఇత్తడి మూతతో బుంగవలె నిలిచియుండు ఎస్‌యూ కార్బరేటరు కథను చెప్పెదను.

దాని గొంతులో ఒక పిస్టను పైనుండి క్రిందికి వ్రేలాడుచు గాలిదారిని మూసియుండును. ఆ పిస్టను పైభాగము వెడల్పైన బిళ్లయై పై గదిలో నిలుచును. పిస్టను అడుగునగల రంధ్రములద్వారా, ఇంజను లాగుడు ఆ గదిలోనికి ప్రాకును. బిళ్ల క్రిందిభాగమునకు మాత్రము బయటి గాలి పీడనమే తగులును. ఇంజను కొంచెము హెచ్చుగా పీల్చినంతనే పై గదిలో పీడనము తగ్గి, బయటి గాలి బిళ్లను పైకి నెట్టును. పిస్టను లేచిన కొలది గాలిదారి వెడల్పగును. వెడల్పైన కొలది లాగుడు తగ్గును. పిస్టను బరువును, దానిపై నున్న లేత స్ప్రింగు ఒత్తిడిని మోయుటకు ఎంత లాగుడు చాలునో అంతటివద్ద అది నిలిచిపోవును. ఇంజను మెల్లగా నడచినను, పరుగెత్తినను, జెట్టు మీద గాలి వడి దాదాపు ఒక్కటే. మారునది దారి వెడల్పు మాత్రమే. 225 రెట్ల ఆ భయంకరమైన అంతరము పుట్టకముందే అణగిపోయినది!

ఇక పెట్రోలు మాట. పిస్టను అడుగున బిగించిన సన్నని సూదియొకటి, రాట్నపు కదురువలె మొనవైపునకు క్రమముగా సన్నమగుచు, 0.090 అంగుళము వ్యాసము గల జెట్టులోనికి దిగియుండును. పిస్టను లేచినచో సూదియు లేచును, దాని సన్ననిభాగము జెట్టు నోటికి వచ్చును, చుట్టునుగల సందు పెరుగును. ఆ సూదిని అంగుళములో ఎనిమిదవ వంతుకొక చోట, అంగుళములో వెయ్యవ వంతుల లెక్కన కొలిచి చెక్కెదరు. ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క సూది నిర్ణయమై యున్నది. అనగా, పిస్టను గాలిని కొలుచును. ఆ కొలత ప్రకారము సూది పెట్రోలును పోయును. రెండును ఒకే లోహపు ముక్కలో కలిసియుండుటచే ఒకటి చెప్పి రెండవది వినకపోవుట అనునది లేదు. ఇంతకంటె సూటియైన ఆలోచనను నేను యంత్రశాస్త్రమున అరుదుగా చూచితిని.

యాక్సిలరేటరును హఠాత్తుగా తొక్కునప్పుడు ఇంజనుకు క్షణకాలము చిక్కని మిశ్రమము కావలెను. దానికై ఇందు పంపు లేదు. పిస్టను బోలుకాడలో కొంచెము నూనె పోసి, పైమూతనుండి వ్రేలాడు చిన్న డాంపరు నొకదానిని అందులో ముంచియుంచుదురు. అది పిస్టను పైకి లేచుటను మాత్రము ఆలస్యము చేయును, దిగుటకు అడ్డుపడదు. ఆ ఆలస్యము వలన లాగుడు ఒక్క క్షణము పెరిగి, పెట్రోలు తానే ఎక్కువ వచ్చును. చలికాలపు ఉదయమున చోకు లాగినచో గాలిని మూయుట గూడ ఇందు లేదు. జెట్టే క్రిందికి దిగి, సూది చుట్టు సందు వెడల్పగును.

దీనిని కనిపెట్టిన జార్జి హెర్బర్ట్ స్కిన్నర్ లండనులో పాదరక్షల వర్తకమునకు పేరుపొందిన లిల్లీ అండ్ స్కిన్నర్ కుటుంబమువాడు. 1905 ప్రాంతమున ఆయన తలపెట్టిన మొదటి రూపములో పిస్టను లేదు, తోలుతిత్తి ఉండెను! తోలు ఆ ఇంట చేతికందిన వస్తువగుటచే తిత్తి ఆలోచన పుట్టెనేమోయని నాకు తోచుచుండును. సోదరుడు కార్లైల్‌తో కలిసి ఆయన స్థాపించిన స్కిన్నర్స్ యూనియన్‌కు సంక్షేపమే ఎస్‌యూ. 1926లో విలియం మోరిస్ దానిని కొనివేసెను. పిదప మోరిస్, ఎం.జి., బెంట్లీ, జాగ్వార్, రోల్స్-రాయిస్ కార్లలో అది ఊపిరి తూచినది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండియే ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరుగా అవతరించుటచే, 1489 సి.సి. ఇంజనుతోపాటు ఈ బుంగయు మన రోడ్లమీదికి వచ్చినది.

మా బండి కార్బరేటరును విప్పిన మేస్త్రీ, మొదట థ్రాటిల్ స్పిండిలును వేళ్లతో అటునిటు కదిపి చూచి, "ఇదిగోనండీ, ఇక్కడ అరిగి దొంగగాలి పోతోంది. ఇది మార్చకుండా ఎంత ట్యూనింగు చేసినా నిలవదు" అన్నాడు. కొత్త స్పిండిలు, బుష్షులు పడినవి. తరువాత ఆయన పిస్టనును వ్రేలితో ఎత్తి వదలెను. అది సాఫీగా జారి, అడుగున టక్కుమని మ్రోగవలెను. మ్రోగకున్నచో సూది జెట్టు అంచును రాచుకొనుచున్నదని అర్థము. ఇంజను వేడెక్కిన పిమ్మట పిస్టనును వెంట్రుకవాసి పైకెత్తి చెవి యొగ్గెను. అట్లెత్తినప్పుడు ఇంజను వేగము పెరిగి అట్లే నిలిచినచో మిశ్రమము చిక్కన. తడబడి ఆగిపోవజూచినచో పలుచన. ఒక్కసారి కొంచెము లేచి మరల సర్దుకొన్నచో సరియైనది. జెట్టు క్రింది నట్టును ఒక్కొక్క పలకచొప్పున త్రిప్పుచు ఆయన ఆ మూడవ ధ్వనికై వేచియుండుట చూచినప్పుడు, ప్రయోగశాలలో మా పరికరములకంటె ఆ చెవి తక్కువది కాదని నాకు నిశ్చయమైనది.

పాత బండ్లు కలవారు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఇప్పుడు బంకులలో దొరకు ఇథనాలు కలిసిన పెట్రోలులో ఆమ్లజని కొంత ముందే చేరియుండును; 20 శాతము ఇథనాలు గలదానికి 15కు మారుగా సుమారు 13.5 పాళ్ల గాలియే చాలును. వెనుకటి కొలతకు చెక్కిన సూది దానిని పలుచన చేయును గావున, జెట్టును కొంచెము దింపుకొనవలెను. పాత రబ్బరు గొట్టములు, కార్కు వాషర్లు ఇథనాలుకు ఓర్వజాలవు. వానిని ముందే మార్చుట మేలు.

తరువాతి చరిత్ర తొందరగా గడచినది. స్ట్రాంబర్గ్ అను కార్బరేటరు, చెక్కిన బిళ్లకు బదులు రబ్బరు పొరతో, ఇదే సూత్రముపై నడచెను. జపానీయులు దానిని మోటారుసైకిళ్లకు తగినట్లు చిన్నది చేసిరి. మొన్న మొన్నటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లోను ఆ వంశపుదే ఊపిరి తీయుచుండెను. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 కాలుష్య నిబంధనలు వచ్చుటతో, కార్బరేటరు చాలవరకు కొత్త బండ్లను విడిచినది.

2021 నాటి కేంద్రప్రభుత్వ నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని వాహనములకు వీఏ అను అక్షరములతో ప్రత్యేక రిజిస్ట్రేషను లభించును. ప్రదర్శనలకు, ర్యాలీలకు వానిని తీసికొనిపోవచ్చును. మా అంబాసిడరు నొక ప్రదర్శనలో నిలిపినప్పుడు జనులు దాని రంగును మెచ్చిరి, తలుపు పిడులను నిమిరిరి, ఫోటోలు దిగిరి. హైదరాబాదు చౌమహల్లాలో నిజాముల పసుపువన్నె రోల్స్-రాయిస్ ముందు నిలిచినవారును ఆ మేని సొగసునే చూచి మురియుదురు, అది సహజమే. కాని ఆ సాయంకాలము మేము బానెట్టు ఎత్తి, గాలి వడపోత డబ్బాను ఊడదీసి నిలిపినంతనే, పెద్దలకంటె ముందు పిల్లలు చేరిరి. పిస్టను ఎత్తి వదలి టక్కు వినుటకు వరుసకట్టిరి. కావున పాత కార్లను ప్రదర్శించు మిత్రులకు నా ప్రార్థన యొకటే: ఇంజను ఆపి, బానెట్టు తెరచియుంచుడు, డాంపరు మూత విప్పి నూనె చూపుడు, అడిగిన ప్రతి పిల్లవానిచేతను, పిల్లచేతను ఆ పిస్టను నొక్కసారి ఎత్తించుడు.