బురదపందెపు బండికి ఏ ఇంజను?

కాలువలకు నీరు వదలి సార్వా పనులు మొదలైనది మొదలు ధవళేశ్వరమునకు దిగువనున్న డెల్టా యంతయు దమ్ము చేయు ట్రాక్టర్ల మ్రోతతో నిండిపోవును. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తియైన నాటినుండి తరతరాలుగా నిలువనీటి సేద్యము సాగుచున్న ఈ ఒండ్రునేలలో బురద స్వభావమును ఎరుగని రైతు లేడు. కనుకనే బురదపందెములకు దిగగోరు కోనసీమ యువకుడెవడైనను తన బండికి ఏ ఇంజను తగునని ఊరి ట్రాక్టరు డ్రైవరును అడిగినచో, "డీజిలింజనే పెట్టించు అబ్బాయ్, లాగుడుంటే చాలు" అను సమాధానము తడుముకొనకుండ వచ్చును. ఆ మాట దమ్మునకు ముమ్మాటికి సత్యము. పందెమునకు సగమే సత్యము; తక్కిన సగము తెలియక సొమ్ము వెచ్చించి నిరాశపడు ఉత్సాహవంతుల నిమిత్తమే ఈ వ్యాసము.

దమ్ము చేయు ట్రాక్టరు నిమిషమునకు 2000 చుట్లకు అటునిటుగా తిరుగు ఇంజనుతో, 45, 50 అశ్వశక్తులతో, మడిలో నిదానముగా సాగును. దాని ఇనుప చక్రముల క్రింద, ఏండ్ల తరబడి దమ్ము చేయుటవలన ఏర్పడిన గట్టిపొర యొకటి ఉండి భారమును మోయును. మీది మన్నును కలియబెట్టుటే దాని పని గాని అందులోనుండి త్వరగా బయటపడుట కాదు. అట్టి పనికి డీజిలును మించినది లేదు. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిల్ విజయవంతముగా నడిపి చూపిన ఈ యంత్రమునందు, గాలి తన పరిమాణములో ఇంచుమించు పదునారవ వంతుకో ఇరువదవ వంతుకో అణచబడి, ఆ వేడిమికే ఇంధనము అంటుకొనును. ఆ ఒత్తిడిని తాళుటకై దాని అంగములన్నియు బరువుగా, దృఢముగా ఉండవలెను. అందువలన అది మిక్కిలి వడిగా తిరుగజాలదు, కాని తక్కువ చుట్లలోనే గొప్ప లాగుడు నిచ్చును.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో వేడుకగా సాగు బురదపందెపు తీరు వేరు. నీటితో నానబెట్టిన గుంటలో బండి దిగవలెను. దాటినవానిలో తక్కువ కాలము తీసికొన్నది, ఏదియు దాటనిచో ఎక్కువ దూరము పోయినది గెలుచును. ఇందు చక్రమునకు అందుబాటులో గట్టిపొర ఉండవలెనను నియమము లేదు. మెల్లగా తిరుగు టైరు గ్రిప్పుసందులలో జిగటమన్ను నిండి, అది నున్నని పీపావలె మారి, ఉన్నచోటనే దొర్లుచు బండిని దిగవేయును. వడిగా తిరిగిన టైరు మాత్రమే ఆ మన్నును విసరివేసి ప్రతి చుట్టునందును క్రొత్త పట్టు సంపాదించుకొనును. కావున పందెపు ఇంజనుకు లాగుడుతోపాటు చక్రవేగమును నిలుపగల ఓపిక కావలెను.

ఈ విషయమును లెక్కతో చూచుట మేలు. ఇంజను 15 చుట్లు తిరిగినప్పుడు చక్రము ఒక చుట్టు తిరుగునట్లు గేర్లు అమరియున్నవనుకొందము. 6000 చుట్లు తిరుగు పెట్రోలు ఇంజను 30 అంగుళాల టైరును నిమిషమునకు 400 చుట్లు త్రిప్పును; అది గంటకు సుమారు 57 కిలోమీటర్ల చక్రవేగము. 3200 చుట్లకు పరిమితమైన డీజిలు అదే గేరులో 30 కిలోమీటర్లతో సరిపెట్టుకొనవలెను. గేరు మార్చి వేగము పెంచవచ్చును గదా యందురేమో. పెంచవచ్చును, కాని వేగము రెట్టింపైన చోట చక్రమునకు చేరు లాగుడు సగమైపోవును. 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేపగల సామర్థ్యమునే ఒక అశ్వశక్తి యనుచున్నాము. లాగుడు, వేగము రెండును అందులోనే ఇమిడియున్నవి. గేరుపెట్టె ఆ రెంటిని ఒకదానికొకటి మార్చగలదే గాని లేని శక్తిని పుట్టింపజాలదు.

బరువు సంగతి ఇంతకంటె ముఖ్యమని నా నిశ్చితాభిప్రాయము. పోలండులో జన్మించిన ఇంజనీరు బెకర్, మెత్తని నేలపై వాహనగమనమును గణితబద్ధము చేయుచు 1956లో ఒక ఉద్గ్రంథము ప్రకటించెను. చంద్రునిపై నడచిన బండి రూపకల్పనలో పాలుపంచుకొన్నవాడాయనయే. చక్రము క్రింది ఒత్తిడి పెరిగినకొలది అది నేలలో లోతుగా దిగునను సూత్రము ఆయన గణితమునకు పునాది. ఇంజను ముందుభాగమున కూర్చుండును గనుక, బరువైన ఇంజను ముందుచక్రములనే ముందుగా ముంచును.

అమెరికాలో తొలి మెట్టు పందెగాడు తరచుగా ఎన్నుకొనునది 1967లో వెలువడిన షెవర్లే 350. అది 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, బరువు 260 కిలోల ప్రాంతము. దానిని అంతమంది ఆశ్రయించుటకు శక్తి యొక్కటే కారణము కాదు. పాతబండ్ల దుకాణములందు అది దొరకును, దాని విడిభాగములు చవుక, దానిని విప్పి బిగింపగల మేస్త్రీలు పెక్కుమంది. మనము గ్రహింపవలసినది ఆ ఇంజనును కాదు, ఆ వివేకమును. ఆ దృష్టితో చూచినచో మన ప్రాంతమున ప్రారంభకునకు తగినది మారుతి జిప్సీ యొక్క 1298 సీసీ పెట్రోలు ఇంజనే. తరువాతి నమూనాలలో అది 6000 చుట్లవద్ద 80 అశ్వశక్తుల నిచ్చును, తేలికైనది, జిప్సీల ఉత్పత్తి నిలిచిపోయినను విజయవాడ ఆటోనగరువంటి చోట్ల వెదకినవానికి సామాను దొరకకపోదు. దానిని వేరొక బండిలో ఇరికించుటకంటె, జిప్సీనే కొని ఇంజనును ఉన్నదున్నట్లు నడుపుట ఉత్తమము. ఇంటనే మహీంద్రా డీజిలు జీపు ఉన్నవాడు మాత్రము దానితోనే దిగవలెను. ఇంజను మార్పునకగు సొమ్ము మంచి బురదటైర్లకు వెచ్చించినచో ఫలము అధికము.

ఏ ఇంజనైనను దానిని చంపునది పందెము కాదు, నీరు. సిలిండరులో గాలి అణగును, నీరు అణగదు. గాలిగొట్టము ద్వారా ఒక దోసెడు నీరు లోనికి పోయినను పిస్టను పైకి రాలేక కనెక్టింగు రాడ్డు వంగిపోవును. గాలిని అణచు స్థలము మిక్కిలి చిన్నదగుటచే డీజిలునకు ఈ అపాయము మరింత హెచ్చు. పెట్రోలునకు స్పార్కు ప్లగ్గుల తీగలు తడియు భయము వేరుగా కలదు. కావున గాలి పీల్చు గొట్టమును బానెట్టు పైకి, వీలైనచో కప్పు ఎత్తునకు తీసికొనిపోవలెను. రేడియేటరు ముందుండినచో ఒక్క పరుగులోనే దాని రేకులసందులు బురదతో పూడి ఇంజను కాగిపోవును. అందుచేత అనుభవజ్ఞులు దానిని బండి వెనుకకు మార్చి విద్యుత్తు ఫ్యానును అమర్చుదురు. అశ్వశక్తిని పెంచుటకై ఆరాటపడు యువకులు ఈ రెండు పనులను తరువాతికి వాయిదా వేయుట చూచిన మనసు నొచ్చుకొనును.

రోడ్డుపై తిరుగు బండికి ఇంజను మార్చదలచినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి రవాణా శాఖ అనుమతి పొందవలెను. పందెమునకే ప్రత్యేకించిన బండినైతే లారీపై ఎక్కించి తీసికొనిపోవుట సుకరము. పరుగు ముగిసిన వెంటనే రేడియేటరును కడిగి, చల్లారిన పిదప ఆయిలు పుల్ల తీసి చూడవలెను. ఆయిలు తెల్లబారి చిక్కగా కనబడినచో అందులో నీరు కలిసినదని గ్రహించి, ఆ దారి కనుగొని మూసి, ఆయిలు మార్చువరకు ఇంజనును మరల స్టార్టు చేయరాదు.